మాడ్రిడ్‌లో కొసీదో తినాలంటే

మాడ్రిడ్ చూడ్డానికి మనవాళ్లు ఎవరొచ్చినా ముందు నన్నడిగేది పాయెయా ఎక్కడ బాగుంటుందని. బియ్యంతో చేసే ఆ పాయెయా తూర్పు తీరంలోని వలెన్సియా వంట. ఈ ఊరి సొంత వంట కొసీదో. పెద్ద శనగలు, మాంసం, ఎముకలు, కూరగాయలు ఒకే కుండలో సన్నసెగ మీద గంటల తరబడి ఉడుకుతాయి. అక్టోబరు దాటాక వస్తే మాత్రం ఒక మధ్యాహ్నం పూర్తిగా దీనికి వదిలేయండి. మ్యూజియం టికెట్లు ఆ పూటకి పెట్టుకోవద్దు. హడావుడిగా తింటే కొసీదో రుచి సగం కూడా తెలియదు.

నేనుండేది మాడ్రిడ్‌లోనే వయ్యేకాస్ అనే పేటలో. మా వీధి చివర తబెర్నాలో, అంటే చిన్న భోజనశాలలో, గురువారం కొసీదో. ఇక్కడ పేటల్లో చాలా చోట్ల ఇంతే, వారానికి ఒక రోజు, ఎక్కువగా బుధవారమో గురువారమో వండుతారు. మిగతా రోజుల్లో పప్పు, బీన్స్ లాంటి స్పూనుతో తినే వంటలు మారుతూ ఉంటాయి. తలుపు దగ్గర నల్లబోర్డు మీద సుద్దతో 'ఓయ్ కొసీదో' అని కనిపిస్తే ఈరోజు ఉందన్నమాట. మీరు దిగిన హోటల్ చుట్టుపక్కల వీధుల్లో ముందురోజే ఒక చుట్టు తిరిగి బోర్డులు చూసి పెట్టుకోండి. నా ఓటు ఎప్పుడూ పేట తబెర్నాకే. పక్క టేబుల్ మీద ఎలక్ట్రీషియన్లు, రిటైరైన దంపతులు తింటున్న చోట వంట బాగుంటుంది. వంట బాగోకపోతే వాళ్లు మళ్లీ రారు.

పాత పేరున్న చోటే తినాలనుంటే రాజభవనం దగ్గర లా బోలా ఉంది. 1870 నాటిది. అక్కడ ఒక్కొక్కరికీ విడివిడిగా చిన్న మట్టికుండల్లో, బొగ్గుల మీద వండుతారు. ఎల్ రాస్ట్రో ఆదివారం సంత జరిగే పేటలో, రూదా వీధిలో 1895 నాటి మలకతిన్ ఉంది. శని, ఆదివారాల్లో ఇలాంటి చోట్ల బుక్ చేసుకోకుండా వెళ్లొద్దు. ఆగస్టులో చాలా తబెర్నాలు సెలవుకి మూసేస్తారు, ఆ ఎండల్లో కొసీదో తినాలని ఎవరికీ అనిపించదు కూడా.

టైమ్ సంగతి. మనం పన్నెండున్నరకి భోజనానికి లేస్తాం. ఇక్కడ అప్పటికి వంటగది ఇంకా తెరవరు. ఒంటిగంటన్నరకి మొదలవుతుంది, రెండు, రెండున్నరకి నిండుతుంది. ఒంటిగంటకే చేరితే కౌంటర్ దగ్గర నిలబడి చిన్న గ్లాసు బెర్ముత్ తీసుకుంటారు. మందు అలవాటు లేనివాళ్లు 'మోస్తో' అడగండి, అది ద్రాక్షరసం. లోపలికి అడుగుపెట్టగానే 'బ్వేనాస్' అని పలకరించండి. ఖాళీ టేబుల్ కనిపించినా మీ అంతట మీరు కూర్చోకండి. ఎంతమందో వేళ్లతో చూపిస్తే వెయిటరే కూర్చోబెడతాడు.

ఇక ఆర్డర్ ఇచ్చేముందు తేల్చుకోవాల్సిన విషయం. కొసీదోలో బీఫ్ ఉంటుంది, పోర్క్ ఉంటుంది. ముక్కలు పక్కన పెట్టి శనగలు తింటాలే అనుకుంటే కుదరదు, ఆ రసమంతా ఎముకలది, హామ్‌ది, అంటే ఉప్పులో ఊరేసిన పంది తొడది. ఏదైనా తిననివాళ్లు మొహమాటపడకుండా ముందే చెప్పాలి. శాకాహారినని చెప్పి ఊరుకుంటే సరిపోదు. చిన్న హామ్ ముక్కల్ని కొందరు మాంసం కింద లెక్కెయ్యరు. అందుకని పేరు పెట్టి అడగండి: 'యేవా హమోన్ ఓ కాల్దో దె కార్నె?' హామ్ గానీ మాంసం రసం గానీ వేశారా అని. పప్పులో కూడా చొరీసో అనే పంది సాసేజ్ ఉండొచ్చు కాబట్టి దానికీ ఇదే ప్రశ్న. చేప తినేవాళ్లకి ఈస్టర్ ముందు ఉపవాసాల రోజుల్లో మంచి అవకాశం, శనగలు, పాలకూర, ఎండు కాడ్ చేపతో పొతాహె దె విహిలియా వండుతారు. పూర్తి శాకాహారులకి పిస్తో ఉంది, వంకాయ, గుమ్మడి జాతి కాయ, క్యాప్సికం, టమాటా నూనెలో మగ్గించిన కూర. పైన గుడ్డు పెడతారు, వద్దంటే తీసేస్తారు.

అన్నీ తినేవాళ్లకి ఇక అసలు భోజనం. దాన్ని మూడు విడతలుగా తెస్తారు. మొదట పలచటి రసం, అందులో సన్న సేమ్యా. ఘాటు లేదని నిరాశపడకండి. మనవాళ్లు బ్యాగులోంచి కారప్పొడి తీసేది ఇక్కడే, దయచేసి తీయొద్దు. నాలుగైదు గంటలు ఉడికిన ఎముక రుచి, కోడి రుచి, హామ్ వాసన ఒక్కొక్కటీ మెల్లగా తెలుస్తాయి. నాలుగు స్పూన్లు తాగేదాకా ఆగండి. కారం కావాలంటే వెనిగర్‌లో ఊరేసిన పచ్చిమిరపకాయలు అడగండి, గిందీయాస్ అంటారు. పచ్చి ఉల్లికాడ కూడా ఇస్తారు. వాటిని కొరుక్కుంటూ తాగితే మన నాలుకకి సరిపోతుంది. రొట్టె మాత్రం తగ్గించండి. ఆకలి మీద రొట్టె, రసంతోనే కడుపు నింపేసుకుని తర్వాత వచ్చేది చూసి దిగులుపడేవాళ్లని చాలామందిని చూశాను.

రెండో విడత శనగలు, బంగాళాదుంప, క్యారెట్, వెల్లుల్లితో వేయించిన క్యాబేజీ. నా దృష్టిలో వంటవాడి పనితనం తేలేది ఇక్కడే. శనగ పొట్టు ఊడకూడదు, లోపల మాత్రం వెన్నలా నలిగిపోవాలి. రాత్రంతా నానబెట్టి, మరిగే నీళ్లలోనే వెయ్యాలి. చన్నీళ్లలో వేస్తే గట్టిపడతాయని ఇక్కడి ఆడవాళ్లు గట్టిగా చెబుతారు. పక్కన జీలకర్ర వేసిన టమాటా సాస్ ఇస్తే కొంచెం కొంచెం కలుపుకోండి. మా పక్కింటి పెద్దావిడ నేర్పిన పద్ధతి ఒకటి ఉంది. గుప్పెడు శనగలు మూడో విడత కోసం మిగుల్చుకోవాలి.

ఎందుకంటే మూడోది మాంసం పళ్లెం. పిక్క మాంసం, కోడి, చొరీసో, పంది కొవ్వు, మొర్సీయా. మొర్సీయా రక్తంతో చేసిన సాసేజ్, తెలిసి తినండి. కొవ్వు ముక్కని విడిగా నోట్లో పెట్టుకుంటే వెగటు. చిటికెడంత తుంచి, మిగిల్చుకున్న శనగలతో ఫోర్క్ వెనకవైపుతో మెదిపి తింటే ఆ పెద్దావిడ మాటకి అర్థం తెలుస్తుంది. మూలుగ ఎముక వస్తే వదలొద్దు, మూలుగని రొట్టె మీదకి తట్టి, ఉప్పు చల్లి వేడిగా తినెయ్యాలి. కొన్ని చోట్ల రెండు, మూడు విడతలు ఒకే పళ్లెంలో వస్తాయి, అదీ సరైన పద్ధతే.

ఒక్కరి వాటా చాలా పెద్దది. ఇద్దరు కలిసి ఒకటే తీసుకోవచ్చా అని ముందే అడగండి, కొన్ని చోట్ల ఒప్పుకుంటారు. పని రోజుల్లో మెనూ దెల్ దియాలో, అంటే ఒకే ధరకి ఇచ్చే ఆ రోజు భోజనంలో, భాగంగా దొరికితే ఇంకా మేలు, రొట్టె, డ్రింకు, చివర స్వీటో కాఫీయో అన్నీ ఆ ధరలోనే. నీళ్లకి సీసా కొనక్కర్లేదు, 2022 చట్టం ప్రకారం కుళాయి నీళ్లు ఉచితంగా ఇవ్వాలి.

అదే బోర్డు మీద కాయోస్ అని కనిపిస్తే అది బీఫ్ పొట్ట ముక్కలు, చొరీసోతో చేసిన ఎర్రటి కూర. మన బోటీ కూర ఇష్టమైనవాళ్లకి, బీఫ్‌కి అభ్యంతరం లేకపోతే, బాగా నచ్చుతుంది. ఫబాదా అంటే ఉత్తరాన అస్తూరియస్ ప్రాంతపు తెల్ల బీన్స్ వంట. దాన్ని ఇంకో రోజు తినండి, కొసీదోతో కలిపి ఒకే పూట వద్దు.

తిన్నాక ఎవరూ లేవమనరు. మీరు అడిగేదాకా బిల్లు తేరు. అది మిమ్మల్ని పట్టించుకోకపోవడం కాదు, ఇక్కడి మర్యాద అంతే. కాఫీ తాగి, కబుర్లు చెప్పుకుని, అప్పుడు 'లా క్వెంతా, పొర్ ఫవోర్' అనండి. టిప్ తప్పనిసరి కాదు, చిల్లర వదిలితే చాలు.

మిగిలింది అక్కడే వదిలెయ్యకండి. 'పారా యెవార్' అంటే డబ్బాలో పెట్టిస్తారు, 2025లో వచ్చిన చట్టం ప్రకారం అది మీ హక్కు కూడా. మర్నాడు ఆ శనగల్నీ మాంసాన్నీ ఉల్లిపాయతో వేయిస్తే రోపా వియేహా అవుతుంది. నేను ఎండుమిర్చి, కరివేపాకు తాలింపు వేసి చేస్తాను, మా పక్కింటావిడ కూడా గిన్నె పట్టుకొచ్చి అడుగుతుంది.