మన రంగు చర్మానికి లేజర్: సిట్టింగ్‌కి ముందు, తర్వాత

నేను బెంగళూరు మారతహళ్లిలో ఒక స్కిన్ క్లినిక్‌లో నర్సుని, అవాంఛిత వెంట్రుకలు తీసే లేజర్ గది నా డ్యూటీ. మాది మదనపల్లె. ఇక్కడి పీజీల్లో ఉండే కడప, నెల్లూరు, ఒంగోలు అమ్మాయిలు లోపలికి రాగానే "అక్కా, ప్యాకేజీ ఎంత?" అంటారు. నేనైతే ధర కంటే ముందు రెండు మాటలు అడగమంటాను. మెషిన్ ఏది? నా చర్మం చూసి సెట్టింగ్ పెట్టేది ఎవరు?

లేజర్ కాంతిని పీల్చుకునేది మెలనిన్, అంటే వెంట్రుకకి, చర్మానికి నలుపునిచ్చే పదార్థం. వెంట్రుకలోని నలుపు ఆ కాంతిని పట్టుకుని వేడెక్కుతుంది, ఆ వేడికి కుదురు దెబ్బతింటుంది. అమెరికాలో ఆండర్సన్, పారిష్ అనే ఇద్దరు పరిశోధకులు 1983లో వివరించిన సూత్రమే దీనికి ఆధారం. చిక్కంతా ఎక్కడంటే, అదే మెలనిన్ మన చర్మంలోనూ దండిగా ఉంటుంది. తెల్లటి చర్మం మీద చక్కగా పనిచేసే 755 నానోమీటర్ల (లేజర్ కాంతి తరంగం పొడవు అది) అలెగ్జాండ్రైట్ మెషిన్‌తో, మన చామనఛాయ మీద పైపొరని కాల్చే ప్రమాదం ఎక్కువ. కొన చల్లగా ఉండే 800-810 డయోడ్ మనలో చాలామందికి సరిపోతుంది. ఇంకా నలుపున్నవాళ్లకి 1064 ఎన్‌డీ-యాగ్ మేలు. పైపొర దాన్ని అంతగా పీల్చుకోదు, కాంతి లోతుకి దిగుతుంది. ఐపీఎల్‌ని కూడా లేజర్ అని చెప్పి చేసే చోట్లున్నాయి, అది లేజర్ కాదు, మామూలు కాంతిని మెరుపులా కొట్టే మెషిన్. గోడ మీద కేపీఎంఈ (కర్ణాటక ప్రైవేటు వైద్య సంస్థల చట్టం) రిజిస్ట్రేషన్ ఉందా, డాక్టర్ పేరు పక్కన ఎండీ డీవీఎల్ లాంటి చర్మవైద్యం డిగ్రీ ఉందా చూడండి. అడిగితే ఏమనుకుంటారో అని మొహమాటపడకండి. కాలితే మచ్చ మీ మొహం మీదే కదా.

నెరిసిన వెంట్రుకకి లేజర్ పనిచేయదు, పట్టుకోవడానికి అందులో నలుపే లేదు. చెంపల మీద, చెవుల పక్కన సన్నటి నూగు మాత్రమే ఉంటే నేను వద్దనే చెప్తాను. కొందరిలో లేజర్ తగిలాక ఆ నూగే ముదిరి నల్లబడుతుంది, మన రంగువాళ్లలో, హార్మోన్ తేడాలున్నవాళ్లలో ఇది చూస్తుంటాం. గడ్డం కింద గట్టి వెంట్రుకలు వస్తూ పీరియడ్స్ కూడా సరిగ్గా రాకపోతే ముందు గైనకాలజిస్టుకి చూపించండి. పీసీఓఎస్ అనే హార్మోన్ సమస్య ఉన్నా లేజర్ చేయించుకోవచ్చు, కాకపోతే లోపలి హార్మోన్ కొత్త వెంట్రుకల్ని తెస్తూనే ఉంటుంది కాబట్టి మధ్యమధ్యలో మళ్లీ రావాల్సి ఉంటుంది.

ఇక సిట్టింగ్‌కి ముందు. కనీసం నాలుగు వారాలు వాక్సింగ్, త్రెడింగ్, ప్లక్కింగ్ అన్నీ మానేయాలి. వేరుతో లాగేస్తే లేజర్‌కి దొరికేదేముంది? ఈలోగా ఇబ్బందైతే రేజర్ వాడండి. ఇక్కడే అమ్మలు ఫోన్లో అడ్డుపడతారు, "రేజర్ పెడితే ముదురుతుందమ్మా, వద్దని చెప్పు" అని. ముదరదు ఆంటీ. రేజర్ పైపైన కోస్తుంది, కుదురు జోలికి పోదు. కోసిన కొన మొద్దుగా ఉండడం వల్ల చేతికి గరుగ్గా తగులుతుంది, అంతే. సిట్టింగ్‌కి ముందు రోజు రాత్రి శుభ్రంగా షేవ్ చేసుకుని రండి. వెంట్రుక పైకి ఉంటే అది చర్మం మీదే కాలి మచ్చ పడుతుంది.

మొహానికి పసుపు, పౌడర్, క్రీమ్ ఏదీ ఉండకూడదు. రెటినాల్, గ్లైకాలిక్ రాసేవాళ్లు వారం ముందే ఆపండి. మొటిమలకి డాక్సీసైక్లిన్, ఐసోట్రెటినాయిన్ లాంటి మాత్రలు వేసుకుంటుంటే దాచకండి. గర్భం ఉంటే వాయిదా వేసుకోండి. అన్నిటికంటే నేను గట్టిగా చెప్పేది ఎండ సంగతి. బెంగళూరు చల్లగా ఉంటుంది కాబట్టి ఎండ తగలట్లేదనుకుంటారు. ఊరు సముద్రమట్టానికి 900 మీటర్ల పైన ఉంది, గాలి చల్లగా ఉన్నా చర్మాన్ని కమిలించే యూవీ కిరణాలు తక్కువేం కావు. ఔటర్ రింగ్ రోడ్డు మీద రోజూ స్కూటీ నడిపే అమ్మాయి ముంజేతులు చూస్తే గాజుల కిందొక రంగు, పైనొక రంగు. అలా కమిలి వస్తే ఆ రోజు లేజర్ పెట్టను, రెండు మూడు వారాలాగి రమ్మంటాను.

మొదటిసారి చెవి కిందో, చంకలో ఒక మూలో ప్యాచ్ టెస్ట్ అడగండి, అంటే ముందు చిన్న చోట లేజర్ కొట్టి చూడమనండి. కళ్లకి లేజర్ తగలకుండా కాపాడే అద్దాలు పెట్టకుండా మెషిన్ ఆన్ చేస్తే లేచి వచ్చేయండి. కనుబొమల కింద, కంటి గుంత లోపల లేజర్ ఎప్పుడూ వద్దు. పుట్టుమచ్చ మీద, పచ్చబొట్టు మీద కూడా వద్దు. మత్తు క్రీమ్‌ని కాళ్ల నిండా రాసుకుని ప్లాస్టిక్ కవర్ చుట్టుకుని రాకండి. మందు ఎక్కువగా రక్తంలోకి వెళ్లి ప్రాణాలు పోయిన సందర్భాలున్నాయి, 2007లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ దీని మీద హెచ్చరిక కూడా ఇచ్చింది.

షాట్ పడ్డప్పుడు చుర్రుమంటుంది, కాస్త కమురు వాసన వస్తుంది. కొద్ది నిమిషాల్లో ఒక్కో కుదురు చుట్టూ ఎర్రగా చిన్న పొంగు లేస్తుంది, చలికి రోమాలు నిక్కబొడుచుకున్నట్టు. అది చూసి చాలామంది భయపడతారు. నాకు మాత్రం అదే కావాలి, దెబ్బ కుదురుకి తగిలిందని అర్థం. సాధారణంగా రోజులోపే తగ్గుతుంది. గుడ్డలో చుట్టిన ఐస్ పెట్టుకోండి. రెండు రోజులు వేడినీళ్లు, ఆవిరి, జిమ్ మానండి. చంకల్లో చేయించుకుంటే డియోడరెంట్ కూడా. వాసన లేని మామూలు మాయిశ్చరైజర్ చాలు. ఎండ తగిలే చోట ఎస్‌పీఎఫ్ 30 కానీ అంతకన్నా ఎక్కువ కానీ ఉన్న సన్‌స్క్రీన్ రాయండి, బయట తిరిగితే రెండు గంటలకోసారి మళ్లీ. సున్నిపిండితో రుద్దడం వారం ఆపండి.

వారం పది రోజులకి "అక్కా, మళ్లీ పెరుగుతోంది" అని మెసేజ్ వస్తుంది. పెరగడం కాదు, కాలిన వెంట్రుక బయటికి వస్తోంది. స్నానంలో టవల్‌తో మెల్లగా తుడిస్తే రాలిపోతుంది, గిల్లకండి. కానీ బొబ్బ లేచినా, చర్మం బూడిదరంగుకి తిరిగినా, మంట మరుసటి రోజుకీ తగ్గకపోయినా ఆ రోజే డాక్టర్‌కి చూపించండి. టూత్‌పేస్ట్, నిమ్మరసం, పసుపు ఏవీ పెట్టకండి. మన చర్మం మీద కాలిన చోట నల్లమచ్చ పడితే పోవడానికి నెలలు పడుతుంది.

ఒకే సిట్టింగ్‌తో అయిపోదు. పెరిగే దశలో ఉన్న వెంట్రుకే దెబ్బతింటుంది, మిగతావి నిద్రలో ఉంటాయి. అందుకే మొహానికి నాలుగు నుంచి ఆరు వారాలకోసారి, ఒంటికి ఆరు నుంచి ఎనిమిది వారాలకోసారి, మొత్తం ఆరు నుంచి ఎనిమిది సిట్టింగులు. పూర్తిగా పోతాయని మాటిచ్చే చోటికి వెళ్లకండి. బాగా తగ్గుతాయి, మిగిలినవి సన్నబడతాయి.

పెళ్లి కుదిరిన అమ్మాయిలు ఏడాది ముందు వస్తే ఎంతో సుఖం. చివరి సిట్టింగ్‌కీ నలుగు పెట్టే రోజుకీ మధ్య నెల ఎడం ఉంచుకోండి. ముహూర్తం నెలలోపే ఉంటే ఇప్పుడు లేజర్ మొదలుపెట్టొద్దు. మీకు అలవాటైన వాక్సింగ్, త్రెడింగే చేయించుకోండి. పెళ్లయ్యాక ఆ వాక్సింగ్‌కి నెల దాటనిచ్చి, షేవ్ చేసుకుని రండి.