సున్నం తడిపి రసాయన చర్య చూపించడం ఎలా

పదో తరగతి పిల్లలకి ఉష్ణమోచక చర్య, అంటే వేడిని బయటికి వదిలే చర్య గురించి బోర్డు మీద సమీకరణం రాసి చెప్పే బదులు ఒక్కసారి సున్నం తడిపి చూపించండి, బట్టీ పట్టాల్సిన పనే ఉండదు.

కావాల్సింది తాజా సున్నపు గడ్డ, అంటే కాల్షియం ఆక్సైడ్. మెత్తటి పొడిగా దొరికేది చాలావరకు ముందే తడిసి ఆరిన సున్నం, అది వేడెక్కదు. గిన్నె స్టీలుదే తీసుకోండి, అల్యూమినియంని సున్నం తినేస్తుంది. సేఫ్టీ గాగుల్స్, గ్లోవ్స్ లేకుండా మాత్రం మొదలుపెట్టొద్దు, సున్నం కంట్లో పడితే చూపే పోవచ్చు.

గిన్నెలో 200 మి.లీ. నీళ్లు పోసి, ల్యాబ్ థర్మామీటర్‌తో ఉష్ణోగ్రత రాసుకుని, 10 గ్రాముల సున్నాన్ని చిన్న ముక్కలుగా ఒక్కొక్కటే వేయండి. గడ్డ మీద నీళ్లు పోయడం తప్పు, అక్కడికక్కడే మరిగి ముఖం మీదికి చిమ్ముతుంది. నీళ్లలో పడ్డ ముక్క కాసేపు ఏమీ పట్టనట్టు ఉంటుంది, తర్వాత బుస్సుమని బుడగలు వదులుతూ పగుళ్లిచ్చి తెల్లగా విరిగిపోతుంది. లెక్క ప్రకారం నీళ్ల ఉష్ణోగ్రత మొదట రాసుకున్నదానికంటే 13 డిగ్రీల దాకా పెరగాలి, కానీ బజారు సున్నంలో కాలని రాయి కలిసి ఉంటుంది కాబట్టి కాస్త తగ్గుతుంది.

ఇంత వేడి ఎక్కడిది? పిల్లలు తప్పకుండా అడుగుతారు, నిజానికి అసలు పాఠం ఇక్కడే ఉంది. పిడుగురాళ్ల లాంటి చోట్ల బట్టీల్లో సున్నపురాయిని 900 డిగ్రీల దగ్గర కాలుస్తారు. 100 గ్రాముల స్వచ్ఛమైన రాయి 178 కిలోజౌళ్ల వేడి తీసుకుని 44 గ్రాముల కార్బన్ డయాక్సైడ్ వదిలేస్తే 56 గ్రాముల సున్నం మిగులుతుంది. ఆ 56 గ్రాములనీ తడిపితే 65 కిలోజౌళ్లు బయటికొస్తాయి. మిగతా 113? గోడకి వేసిన వెల్ల గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ని పీల్చుకుని మళ్లీ కాల్షియం కార్బనేట్‌గా గట్టిపడేటప్పుడు వస్తాయి, కాకపోతే రోజుల తరబడి నెమ్మదిగా జరుగుతుంది కాబట్టి గోడ ముట్టుకుంటే తెలియదు.

ఆ గోడ మీద జరిగేదాన్ని గ్లాసులోనూ చూపించొచ్చు. మర్నాటికి పైకి తేరిన సున్నపు తేటని వడకట్టి, గాగుల్స్ తీయకుండానే స్ట్రాతో మెల్లగా ఊదండి, పొరపాటున కూడా పీల్చొద్దు. మన ఊపిరిలోని కార్బన్ డయాక్సైడ్ తగిలి తేట పాలలా తెల్లబడుతుంది, ఆ తెలుపు కాల్షియం కార్బనేటే. ఇంకా చాలాసేపు ఊదితే అందులో కొంత బైకార్బనేట్‌గా మారి నీళ్లలో కరిగిపోతుంది.