పాత టర్బో లారీకి ఇంటర్‌కూలర్ బిగించడం

విజయనగరంలో మా షెడ్డుకొచ్చే పాత లారీలన్నిటిదీ ఒకటే గొడవ: సాలూరు దాటి ఘాట్ ఎక్కితే నల్లపొగ. టర్బో అంటే ఇంజిన్‌లోకి గాలిని నొక్కి పంపేది. అలా నొక్కిన గాలి వేడెక్కి పలచబడుతుంది, అందుకే ఆ పొగ. ఆ గాలిని చల్లార్చేదే ఇంటర్‌కూలర్.

సెకండ్‌హ్యాండ్ కూలర్ అయితే లోపలి ఆయిల్ డీజిల్‌తో కడిగి, పూర్తిగా ఆరాకే వాడండి. తడి మిగిలితే ఇంజిన్ దాన్ని తాగేసి అదుపు లేకుండా రేస్ అయిపోతుంది. రేడియేటర్ ముందు రబ్బరు బుష్‌ల మీద బిగించండి.

అసలు పని టర్బో నుంచి కూలర్‌కి, అక్కణ్నుంచి ఇంజిన్‌కి గాలి తీసుకెళ్లే పైపులది. నున్నటి పైపుకి క్లిప్పు ఎంత బిగించినా లోడు మీద రబ్బరు హోస్ టప్‌మని ఊడుతుంది. నాకు రాత్రి రెండింటికి, ఘాట్ మధ్యలో ఊడింది! పైపు చివర చుట్టూ వెల్డింగ్‌తో సన్నటి గట్టు పోయించి, నున్నగా రుద్ది, క్లిప్పు దాని వెనక పడేలా బిగించండి.

తర్వాత పైపుల్లోకి 15 పీఎస్‌ఐ గాలి పెట్టి అతుకుల మీద సబ్బునీళ్లు పూయండి. బుడగ లేచిన చోట మళ్లీ విప్పాల్సిందే.