స్ట్రెంత్ 15 ఉన్నా బోనస్ ఎందుకు రావడం లేదు? పాత డంజన్స్ అండ్ డ్రాగన్స్‌లో సమస్య - పరిష్కారం

సమస్య: డైస్ వేస్తూ పాత్రలతో ఆడే ఈ ఆటలో మీ ఫైటర్‌కు (యోధుడి పాత్రకు) స్ట్రెంత్ (బలం) స్కోరు 15 పెట్టారు. తీరా కత్తి దూశాక డీఎం (డంజన్ మాస్టర్, ఆట నడిపే వ్యక్తి) "బోనస్ ఏమీ లేదు" అన్నారు.

కారణం: మీ మనసులో ఉన్నది 2000లో వచ్చిన మూడో ఎడిషన్ లెక్క. స్కోరులోంచి 10 తీసేసి సగం చేస్తే బోనస్, అంటే 15కి +2. మీరు ఆడుతున్నది 1978 నాటి అడ్వాన్స్‌డ్ ప్లేయర్స్ హ్యాండ్‌బుక్‌తో. అందులో సూత్రం లేదు, స్కోరు స్కోరుకూ పట్టిక చూసుకోవాల్సిందే. స్ట్రెంత్ 8 నుంచి 15 దాకా దెబ్బ తగలడానికీ డ్యామేజీకీ సున్నానే. 16కి డ్యామేజీ +1, అంతే. 17కి రెండూ +1. 18కి తగలడానికి +1, డ్యామేజీకి +2. ఫైటర్‌కు 18 పడితే మళ్లీ పర్సంటేజ్ డైస్ వేయాలి. అక్కడ 00, అంటే 100 పడితే తగలడానికి +3, డ్యామేజీకి +6 దాకా వెళ్తుంది. కింద చాలా దూరం చదునుగా ఉండి, చివర్లో ఒక్కసారిగా నిటారుగా లేచే మెట్లు ఇవి.

పరిష్కారం: ఆ 15ను స్ట్రెంత్‌లో పెట్టకండి. ఒక్కో ఎబిలిటీకి (స్ట్రెంత్ లాంటి లక్షణానికి) ఒక్కో పట్టిక ఉంది. డెక్స్టెరిటీలో (చురుకుదనం) 15కే ఆర్మర్ క్లాస్ (దెబ్బ తగలకుండా ఉండే రక్షణను చెప్పే అంకె) ఒక మెట్టు మెరుగవుతుంది. కాన్స్టిట్యూషన్‌లో (దేహదారుఢ్యం) 15కే ప్రతి హిట్ డైస్‌కూ (ప్రాణబలం ఎంతో తేల్చే డైస్) +1 వస్తుంది, 16కి +2. ఆపైన పెరిగేది ఫైటర్లకే, మెజీషియన్‌కు 18 ఉన్నా +2 దగ్గరే ఆగిపోతుంది. ఇది తెలియక మంచి స్కోర్లు వృథా చేసుకునేవాళ్లను చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది.

కొత్త లెక్కనే పాత ఆటలో వాడేద్దాం అనిపిస్తుంది. వద్దు. ఇక్కడ ఓర్క్ అనే రాక్షసుడికి ఉండేది ఒక్క హిట్ డైస్, సగటున నాలుగున్నర హిట్ పాయింట్లు (ప్రాణబలం). ప్రతి దెబ్బకూ +2 కలిపితే పోరాటంలో టెన్షనే మిగలదు. మరీ చప్పగా ఉందనిపిస్తే 1981 బేసిక్ సెట్‌తో ఆడండి. అందులో 13-15కి +1, 16-17కి +2, 18కి +3.

సమస్య: పార్టీలో (కలిసి ఆడే పాత్రల బృందంలో) ఎవరికీ ఒక్క బోనస్ కూడా లేదు.

కారణం: ఒక్కో స్కోరుకు మూడు ఆరు ముఖాల డైస్ వేసి కూడుతున్నారు. అలా 16 గానీ అంతకు మించి గానీ పడేది 216లో 10 సార్లే, అంటే నూటికి ఐదు కూడా కాదు. అంత పైన మొదలయ్యే పట్టికకు ఈ పద్ధతి సరిపోదు.

పరిష్కారం: 1979 డంజన్ మాస్టర్స్ గైడ్‌లో మొదటి పద్ధతి చూడండి. నాలుగు డైస్ వేసి, తక్కువ పడినదాన్ని తీసేసి మిగతావి కూడడం, అలా ఆరు ఎబిలిటీలకు వచ్చిన ఆరు అంకెలనూ నచ్చిన చోట పెట్టుకోవడం. 16, ఆపై పడే అవకాశం నూటికి 13కు పెరుగుతుంది.

సమస్య: డెక్స్టెరిటీ 18 ఉన్న దొంగకే దెబ్బలు ఎక్కువ తగులుతున్నాయి.

కారణం: పట్టికలోని -4ను నష్టం అనుకుని ఆర్మర్ క్లాస్‌ను 10 నుంచి 14 చేశారు. పాత ఆటలో ఆర్మర్ క్లాస్ తగ్గేకొద్దీ రక్షణ పెరుగుతుంది.

పరిష్కారం: 10లోంచి 4 తీసేయండి. షీట్ మీద 6 అని రాయండి, తోలు కవచం వేసుకుంటే 4.