బీచ్‌లో మురీ మిక్చర్ అమ్మే కుర్రాడికి మీ గేమ్ ఇచ్చి చూడండి

"అక్కా, గేమ్ డెవలపర్ అవ్వాలంటే ఏ కోర్సు చెయ్యాలి?" అని మా వైజాగ్ కంచరపాలెం పిల్లలు నెలకొకరైనా ఇంటికొచ్చి అడుగుతారు. ఒక్కోసారి వెనకాలే వాళ్లమ్మ కూడా వస్తుంది, ఫీజు ఎంతో కనుక్కుందామని. కోర్సు మాటెత్తితే ముందు నా కథ చెప్పాల్సొస్తుంది.

బీకాం అయ్యాక ద్వారకానగర్‌లో ఒక ఇన్‌స్టిట్యూట్‌లో 'గేమ్ డిజైనింగ్' అని బోర్డు చూసి చేరిపోయాను. 70 వేలు. నాన్న పోర్టులో పనిచేసేవారు, పీఎఫ్‌లోంచి తీసి కట్టారు. తొమ్మిది నెలల్లో ఫొటోషాప్ నేర్పారు, ఎవరూ వాడని పాత సాఫ్ట్‌వేర్‌లో కాస్త త్రీడీ నేర్పారు, రంగురంగుల సర్టిఫికెట్ ఒకటి చేతిలో పెట్టారు. గేమ్ మాత్రం ఒక్కటీ చేయించలేదు. ఆ సర్టిఫికెట్ పట్టుకుని హైదరాబాద్‌లో మొదటి ఇంటర్వ్యూకి వెళ్తే, ఎదురుగా కూర్చున్నాయన దానివైపు చూడనే లేదు. "మీరు చేసిన గేమ్ ఏదైనా ఉంటే ఇవ్వండి, ఆడతాను" అన్నాడు. నా దగ్గరేముంది? సాయంత్రం గోదావరి ఎక్కి తెల్లారేసరికి ఇంటికొచ్చేశాను.

అందుకే నేను చెప్పేది ఒకటే. చిన్నదైనా ఒక గేమ్ పూర్తి చెయ్యండి. మీరు పక్కన నిలబడి చెప్పకపోయినా ముక్కూమొహం తెలియనివాళ్లు ఆడగలగాలి. కోర్సులో చేరాలనుంటే చేరండి, కాదనను. డబ్బు కట్టేముందు మాత్రం "ఇక్కడ చదివినవాళ్లు చేసిన గేమ్ ఒకటి నా ఫోన్‌లో వేసి చూపించండి" అని అడగండి. నీళ్లు నమిలితే లేచి వచ్చేయండి.

మీది ఏ పని?

సినిమా తియ్యడంలాగే కంపెనీలో గేమ్ చెయ్యడం కూడా ఒక్కరి పని కాదు. కోడ్ రాసేవాళ్లు ప్రోగ్రామర్లు. బొమ్మలు, మోడళ్లు, యానిమేషన్ చూసేవాళ్లు ఆర్టిస్టులు. ఆట రూల్స్ ఏంటి, ఏ లెవెల్ ఎంత కష్టంగా ఉండాలి అన్నది డిజైనర్ల పని. తప్పులు పట్టేవాళ్లు టెస్టర్లు, మేం క్యూఏ అంటాం. సౌండ్‌వాళ్లు, ప్రొడ్యూసర్లు వేరే. వీటిలో ఒకటి ఎంచుకోండి. రెజ్యూమెలో "అన్నీ వచ్చు" అని రాస్తే, ఏదీ సరిగ్గా రాదన్నమాట అనుకుంటారు చదివేవాళ్లు.

"నా దగ్గర సూపర్ ఐడియా ఉందక్కా, జీటీఏ లాంటిది, మన వైజాగ్‌లో నడుస్తుంది" అని ఇప్పటికి ఎంతమంది చెప్పారో లెక్కలేదు. జగదాంబ సెంటర్లో కారు ఛేజింగ్ నాకూ చూడాలనే ఉంది. కానీ జీటీఏ 5 వెనక వెయ్యిమందికి పైగా ఏళ్ల తరబడి పనిచేశారు. ఐడియాకి ఎవరూ జీతమివ్వరు.

ఇక ఏ ఇంజిన్? ఇంజిన్ అంటే గేమ్ తయారుచేసే సాఫ్ట్‌వేర్. ఫోన్ గేమ్‌లు చేసే కంపెనీల్లో ఎక్కువగా యూనిటీ, అందులో సి షార్ప్ అనే భాషలో కోడ్ రాస్తారు. పెద్ద పీసీ గేమ్‌లకి, కన్సోల్ (టీవీకి తగిలించి ఆడే ప్లేస్టేషన్ లాంటిది) గేమ్‌లకి అన్‌రియల్ గట్టిది. దానికి సి ప్లస్ ప్లస్ కావాలి, కోడ్ రాయకుండా బొమ్మల డబ్బాలు కలుపుకుంటూ పోయే బ్లూప్రింట్స్ కూడా ఉన్నాయి. గోడో పూర్తిగా ఉచితం, పాత ల్యాప్‌టాప్‌లో కూడా బండి లాగుతుంది. 2023 సెప్టెంబరులో యూనిటీవాళ్లు ఇన్‌స్టాల్‌కి ఇంత అని ఫీజు పెడతామంటే ప్రపంచమంతా గోల చేసింది, ఏడాది తిరిగేసరికి దాన్ని ఎత్తేశారు. ఆ ఏడాదంతా వీడియోల కింద ఇంజిన్ గొడవలు పడ్డవాళ్లలో ఒక్కడూ గేమ్ పూర్తి చేసినట్టు నేను చూడలేదు. ఒకటి పట్టుకోండి, చాలు. దాని లాజిక్ వంటబడితే రెండోది తొందరగానే వస్తుంది.

లెక్కలంటే భయమా? నాదీ కామర్సే. తమ్ముడి ఇంటర్ మొదటి సంవత్సరం మ్యాథ్స్ పుస్తకం తీసి వెక్టార్లు చదువుకున్నాను. అందులో అదిశా లబ్ధం అని ఉంటుంది చూడండి, ఇంగ్లీషు మీడియంవాళ్లు డాట్ ప్రొడక్ట్ అంటారు. శత్రువు మీవైపు చూస్తున్నాడా, అటు తిరిగి ఉన్నాడా అన్నది గేమ్‌లో దాంతోనే తేలుస్తారు. ప్రోగ్రామర్ ఇంటర్వ్యూల్లో అడుగుతారు కూడా.

నా పడవ

నా మొదటి గేమ్ ఒక పడవ. ఫిషింగ్ హార్బర్‌కి తిరిగొస్తుంటుంది. స్క్రీన్ మీద నొక్కితే అల మీదకి ఎగురుతుంది, వదిలేస్తే దిగుతుంది. అంతే ఆట. రెండు నెలలు అనుకున్నాను, ఏడు నెలలు పట్టింది. కదలడం రెండు రోజుల్లో వచ్చేసింది. మిగతా కాలమంతా మెనూ, పాజ్ బటన్, ఓడిపోతే మళ్లీ మొదలవ్వడం, ఫోన్ కాల్ వస్తే సౌండ్ ఆగడం, ఇలాంటి చిల్లర పనులు తినేశాయి. పూర్తి చెయ్యడం అంటే ఈ చిల్లర పనులేనని అప్పుడు తెలిసింది.

మధ్యలో 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చింది. కిటికీ రెక్క ఊడి లోపలికొచ్చి పడింది, ల్యాప్‌టాప్ నానిపోయింది. రెండు నెలల పని గాలికీ నీటికీ పోయింది. దాని తర్వాతే గిట్ నేర్చుకున్నాను, చేసిన ప్రతి మార్పునీ దాచిపెట్టే సాఫ్ట్‌వేర్ అది. రోజూ పని అయ్యాక ఆన్‌లైన్‌కి ఎక్కించెయ్యండి. తుఫాను రాకపోయినా ఎక్కించండి, ఎందుకంటే ఉద్యోగంలో చేరిన మొదటి రోజే గిట్ వచ్చా అని అడుగుతారు.

ఇంకో సంగతి. కంప్యూటర్లో నా పడవ రాకెట్‌లా దూసుకుపోయేది. ఫోన్‌లో వేస్తే నత్తనడక. వారం రోజులు జుట్టు పీక్కున్నాను. స్క్రీన్ మీద ఒక్కో బొమ్మ, అంటే ఫ్రేమ్, గీసినప్పుడల్లా పడవని ఒక్కో అడుగు జరుపుతున్నాను కదా, కంప్యూటర్ సెకనుకి వందల ఫ్రేములు గీస్తుంటే ఫోన్ 30 గీస్తోంది. ఫ్రేముకీ ఫ్రేముకీ మధ్య పట్టిన కాలంతో, అంటే డెల్టా టైమ్‌తో గుణిస్తే రెండుచోట్లా ఒకే వేగం వస్తుంది. పుస్తకంలో చదివితే మర్చిపోయేదాన్నేమో. ఇంటర్వ్యూలో ఇదే అడిగితే పడవ కథ చెప్పాను, ఆయన నవ్వి తర్వాతి ప్రశ్నకి వెళ్లిపోయాడు.

గేమ్ తయారయ్యాక స్నేహితులకి చూపిస్తే "బావుందే" అన్నారు. స్నేహితులు అలాగే అంటారు. ఆదివారం సాయంత్రం ఆర్కే బీచ్‌కి వెళ్లి, కురుసుర సబ్‌మెరైన్ దగ్గర మురీ మిక్చర్ అమ్మే కుర్రాడికి ఫోన్ ఇచ్చాను. నోరు మూసుకుని అతని బొటనవేలు చూస్తూ నిలబడ్డాను. ఆకాశంలో నేను గీసిన పచ్చటి సూర్యుణ్ణి నాలుగుసార్లు నొక్కాడు. "ఏటక్కా, ఇది ఎల్లట్లేదేటి?" అన్నాడు. గుండ్రంగా మెరుస్తుంటే బటన్ అనుకున్నాడు పాపం. తప్పు అతనిది కాదు. ఇంటికొచ్చి సూర్యుణ్ణి సగం సముద్రంలో ముంచేశాను, మొదటి అల దగ్గర ఒక వేలి గుర్తు పెట్టాను. మరుసటి వారం ఇద్దరు ముగ్గురికి ఇచ్చాను, ఎవరూ ఏమీ అడక్కుండా ఆడేశారు. మీరూ ఇదే చెయ్యండి. ఆడుతున్నంతసేపు వివరించకండి, అదే అన్నిటికన్నా కష్టం. ఆ తర్వాత వాళ్ల దగ్గర ఓ పది రూపాయల పొట్లం కొనండి, ఊరికే టైమ్ తినెయ్యకూడదు.

గేమ్ పెట్టడం ఎక్కడంటే, ఇచ్.ఐఓ అనే వెబ్‌సైట్‌లో ఉచితంగా పెట్టొచ్చు. బ్రౌజర్లోనే ఆడేలా పెడితే ఇంకా మంచిది, ఉద్యోగం ఇచ్చేవాళ్లకి డౌన్‌లోడ్ చేసే ఓపిక ఉండదు. ప్లేస్టోర్ ఖాతాకి ఒక్కసారి 25 డాలర్లు. కాకపోతే ఇప్పుడు కొత్తగా వ్యక్తిగత ఖాతా తెరిస్తే, విడుదలకి ముందు కనీసం 12 మంది టెస్టర్లు వరుసగా 14 రోజులు చేరి ఉండాలి. నా రెండో గేమ్‌కి పిన్నీ, మావయ్య, పాల ప్యాకెట్లు వేసే అబ్బాయి జీమెయిల్ ఐడీలు కూడా అడిగి తీసుకున్నాను. పీసీ గేమ్‌లు అమ్మే స్టీమ్‌లో అయితే గేమ్‌కి 100 డాలర్లు. మొదటి ఉద్యోగం కోసమే అయితే అంత దూరం అక్కర్లేదు.

వెనక గుమ్మం

పడవ లింకు పట్టుకుని ప్రోగ్రామర్ ఉద్యోగాలకి పెట్టాను, రాలేదు. 2015లో బెంగళూరులో టెస్టర్‌గా ఆరు నెలల కాంట్రాక్టు వచ్చింది, నెలకి 13 వేలు. "ఆటలాడితే జీతమా?" అని మా వీధంతా నవ్వింది. ఒకే లెవెల్‌ని రోజుకి వందసార్లు, ప్రతి గోడకీ తల కొట్టుకుంటూ ఆడితే అది ఆట కాదని వాళ్లకేం తెలుసు? కన్సోల్ గేమ్ అయితే కంట్రోలర్ పీకేస్తే ఆట ఆగిందా లేదా, సేవ్ అవుతుండగా కరెంటు తీసేస్తే ఏమైంది, ఇలాంటివి పట్టీ పెట్టుకుని చూడాలి.

ఈ పనిలో మిమ్మల్ని పైకి తెచ్చేది బగ్, అంటే దొరికిన తప్పు, రాసే తీరు. నా మొదటి బగ్ ఇలా ఉండేది: "ఆటగాడు గోడలోకి పోతున్నాడు." ప్రోగ్రామర్ దాన్ని వెనక్కి పంపేశాడు. ఏ గోడ? ఎప్పుడు? అన్నిసార్లూనా? నెల తర్వాత నేను రాసినది: "లెవెల్ 3లో నిచ్చెన ఎక్కుతుండగా పాజ్ నొక్కి, రెజ్యూమ్ చేస్తే ఆటగాడు ఎడమవైపు గోడలో ఇరుక్కుంటాడు. నిచ్చెన మీదే ఉండాలి. ఐదుసార్లు చేస్తే నాలుగుసార్లు వచ్చింది. 2 జీబీ ర్యామ్ ఫోన్‌లో చూశాను, గేమ్ బిల్డ్ (వెర్షన్) నంబర్ ఇది, వీడియో జతచేశాను. బయటికి రావాలంటే లెవెల్ మొదటినుంచి ఆడాలి." చదివినవాడు నన్ను పిలవకుండానే సరిచేశాడు. ఇప్పుడే మీ ఫోన్‌లో ఉన్న ఏదైనా గేమ్ తీసుకుని ఇలాంటివి పది రాసి రెజ్యూమెకి తగిలించండి. టెస్టర్ ఉద్యోగానికి అంతకన్నా మంచి పోర్ట్‌ఫోలియో నాకు తెలీదు.

అక్కడే ఉండిపోకండి మరి. టెస్టర్ కుర్చీలోంచి మొత్తం టీమ్ పని కనబడుతుంది. నేను ఆఫీసయ్యాక అదే ఇంజిన్‌లో సొంతంగా లెవెల్స్ కట్టి డిజైనర్‌కి చూపించేదాన్ని. మొదటి ఐదూ ముఖం మీదే బాలేదన్నాడు. రెండేళ్లకి లెవెల్ డిజైనర్‌ని అయ్యాను.

ఎక్కడ వెతకాలి

నేను వెతికిన రోజుల్లో రుషికొండ ఐటీ హిల్స్ మీద ఒక్క గేమ్ ఉద్యోగమూ దొరకలేదు. బెంగళూరు, హైదరాబాద్, పుణె వైపే చూడాలి. పెద్ద గేమ్ కంపెనీల్లో ఈఏ హైదరాబాద్‌లో ఉంది, యూబీసాఫ్ట్ పుణె, ముంబయిల్లో ఉంది. 1997లో బెంగళూరులో పుట్టిన ధ్రువ ఇంటరాక్టివ్ అనే స్టూడియోని 2019లో జీటీఏ చేసే రాక్‌స్టార్ కొనుక్కుంది. పేరున్నవాటికే కాకుండా పదిమందితో నడిచే చిన్న స్టూడియోలకి కూడా రాయండి. 2020లో వచ్చిన రాజీ అనే గేమ్ పుణెలో అలాంటి చిన్న టీమే చేసింది. చిన్నచోట అన్ని పనులూ మీద పడతాయి, కానీ తొందరగా నేర్చుకుంటారు. మెయిల్ నాలుగు వరుసలు చాలు: మీరెవరు, ఏ పని కావాలి, గేమ్ లింకు, అందులో మీ చేత్తో చేసిందేమిటి. టీమ్‌తో చేసినదైతే ఎవరి వంతు ఏమిటో నిజం చెప్పండి, రెండు ప్రశ్నల్లో దొరికిపోతాం.

టీమ్ లేదంటే గేమ్ జామ్‌లో దొరుకుతుంది. ఏటా జనవరి ప్రాంతంలో జరిగే గ్లోబల్ గేమ్ జామ్‌ది 48 గంటల్లో గేమ్ చేసే పద్ధతి. నిద్రలేక గొడవలు పడి ఆదివారం సాయంత్రానికి ఏదో ఒకటి నడిపించినవాళ్లే తర్వాత "మా దగ్గర ఖాళీ ఉంది, వస్తావా" అని ఫోన్ చేస్తారు. నా రెండో ఉద్యోగం అలా వచ్చిందే.

ఇంటర్వ్యూలో మీరూ ఒకటి అడగండి: కంపెనీకి డబ్బు ఎక్కణ్నుంచి వస్తోంది? 2025 ఆగస్టులో వచ్చిన చట్టంతో డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ గేమ్‌లని దేశమంతా నిషేధించారు. రమ్మీ, పోకర్ కంపెనీల్లో మంచి జీతాలకి చేరిన చాలామంది ఒక్కసారిగా రోడ్డున పడ్డారు. ఉద్యోగం ఇస్తాం, ట్రైనింగ్ డిపాజిట్ కట్టండి అనేవాళ్లతో మాట్లాడనే వద్దు. టెస్ట్ అని పని ఇస్తే రెండు రోజుల పని వరకూ సరే. రెండు వారాల పని ఇచ్చారంటే మీతో ఊరికే గేమ్ చేయించుకుంటున్నారని అర్థం. విడుదలకి ముందు రాత్రీపగలూ పని ఉంటుంది, అది ఎన్ని నెలలు సాగుతుందో అక్కడ పనిచేసేవాళ్లని విడిగా అడగండి. హెచ్‌ఆర్ చెప్పదు.

మొదటి ఉద్యోగానికి ఊరు వదలక తప్పదనే నా అభిప్రాయం. పక్క కుర్చీలో కూర్చున్నవాడి స్క్రీన్ చూసి నేర్చుకునేది వీడియో కాల్‌లో రాదు. ఆరేళ్లయ్యాక నేను తిరిగొచ్చేశాను. ఇప్పుడు బెంగళూరు టీమ్‌కి ఇక్కణ్నుంచే పనిచేస్తున్నాను, డాబా మీద గదిలో, రెండు నెట్ కనెక్షన్లు, ఒక ఇన్వర్టర్‌తో.

మా ఇంటికొచ్చే పిల్లలకి ఇప్పుడు కొత్త రూలు పెట్టాను. ఫోన్‌లో సొంతంగా చేసిన గేమ్ ఉంటేనే గేటు తియ్యాలి. ఎంత చెత్తగా ఉన్నా పర్లేదు, బీచ్‌కి నేనే తీసుకెళ్తాను. ఫోన్ మాత్రం ఛార్జింగ్ పెట్టుకుని రండి, పోయినసారి ఒకడు నాలుగు శాతంతో వచ్చాడు.