నాయనకి మున్నాభాయ్ చూపించాలంటే

మా నెల్లూరు వైపు అరవై దాటిన వాళ్ళని కదిలిస్తే శంకర్‌దాదా కథ మొత్తం చెప్పేస్తారు, దానికి మూలమైన మున్నాభాయ్ ఎం.బి.బి.ఎస్. చూద్దామంటే మాత్రం "హిందీదా, మనకెందుకబ్బయ్యా అది" అని లేచి వరండాలోకి పోతారు. మా నాయనా అంతే. పోయిన ఎండాకాలం ఆయన్ని కూర్చోబెట్టి మొదట్నించి చివరిదాకా చూపించాను. మీ ఇంట్లో కూడా అలాంటి నాయన ఉంటే ఇలా చేసి చూడండి.

ముందు టైం సంగతి. సినిమా రెండున్నర గంటలు దాటుతుంది, ఆదివారం చేపల పులుసు తిన్న వెంటనే పెడితే పది నిమిషాల్లో గురక వినపడుతుంది. పడుకోనివ్వండి, నాలుగింటికి లేచి టీ తాగాక పెట్టండి. ఫోన్‌లో ముక్కలు ముక్కలుగా మాత్రం చూపించొద్దు, కామెడీ బిట్లు చూసి నవ్వేసి ఇంతేగదా అనుకుంటారు, అసలు కథ ఆ ముక్కల్లో దొరకదు.

కథ చెప్పాల్సిన పని లేదు, ఎవరి బదులు ఎవరో చెప్తే చాలు. చిరంజీవి చోట సంజయ్ దత్, శ్రీకాంత్ వేసిన ఏటీఎం ఇక్కడ సర్క్యూట్, వేసింది అర్షద్ వార్సీ. పరేష్ రావల్ చేసిన డాక్టర్ లింగం ఇక్కడ బొమన్ ఇరానీ చేసిన ఆస్థానా. తెలుగుది 2004లో వచ్చింది, హిందీది అంతకుముందు ఏడాది డిసెంబర్‌లో, రాజ్‌కుమార్ హిరానీకి డైరెక్టర్‌గా అదే మొదటి సినిమా. ఇవన్నీ రెండు నిమిషాల్లో తేల్చేసి, తండ్రి వేషం గురించి మాత్రం నిదానంగా చెప్పండి. తెలుగులో ఆ వేషం గిరీష్ కర్నాడ్ బాగా చేశాడు, కాదనను. కానీ హిందీలో సంజయ్ దత్ తండ్రిగా వేసింది అతని సొంత తండ్రి సునీల్ దత్. 1993 బొంబాయి పేలుళ్ళ కేసులో కొడుకు జైల్లో ఉంటే ఆ తండ్రి ఎన్ని గడపలు ఎక్కాడో పేపర్లో చదివిన తరం మన నాయనలది. ఆయన చేసిన ఆఖరి సినిమా కూడా ఇదే, 2005 మే నెలలో పోయాడు. ఈ మాట చెప్పగానే మా నాయన కుర్చీ టీవీ దగ్గరికి జరుపుకున్నాడు.

ఇక భాష. కింద ఇంగ్లీషులో పడే మాటలు వాళ్ళకి పనికిరావు, మీరు పక్కన కూర్చుని ప్రతి ముక్కా తెలుగులో చెప్పబోయినా సినిమా చచ్చిపోతుంది. నాలుగైదు మాటలు ముందే చెప్పేయండి: అపున్ అంటే నేను, బోలే తో అంటే "అంటే ఏందంటే" అని, వాట్ లగానా అంటే పని పట్టడం, ఝప్పీ అంటే గట్టిగా వాటేసుకోవడం. టెన్షన్ అన్న మాట ఎవరికీ చెప్పక్కర్లేదు. ఇది పుస్తకాల హిందీ కాదు, బొంబాయి వీధుల్లోది, అందుకే మనకి ఇంకా తేలిక. మా నెల్లూరు కోటమిట్టలో అంగళ్ళ దగ్గర ఉర్దూ విని విని అలవాటైన మా నాయనకి సగం దానంతటదే అర్థమైంది.

ఎక్కడ ఆపాలంటే, కాలేజీలో మొదటి క్లాసు దగ్గర. చావుబతుకుల్లో ఉన్నవాడికి కూడా ముందు ఫారం నింపాల్సిందేనా అని మున్నా లేచి అడుగుతాడు. అక్కడ మా నాయనే చెయ్యెత్తి ఆపమన్నాడు. మా నాయనమ్మని ఆత్మకూరు నుంచి కారులో వెనక సీట్లో పడుకోబెట్టుకుని పొగతోటలో ఒక ఆసుపత్రికి తీసుకొస్తే, కౌంటర్లో డబ్బు కట్టి చీటీ తెచ్చిందాకా స్ట్రెచర్ రాలేదట. ఆమె తల తన ఒళ్ళో పెట్టుకుని కారులోనే కూర్చున్నానని చెప్పాడు, ఇన్నేళ్ళలో ఈ సంగతి నాతో అన్నది అదే మొదటిసారి. కాబట్టి అక్కడ ఆపండి, రిమోట్ పక్కన పెట్టి వాళ్ళు చెప్పేది వినండి, సినిమా ఎక్కడికీ పోదు.

తర్వాత ఆసుపత్రిలో నేల తుడిచే ముసలాయన సీను. ఆయన తుడుస్తూనే ఉంటాడు, తడి ఆరకముందే జనం తొక్కుకుంటూ పోతుంటారు, ఆయన అందరి మీదా అరుస్తుంటాడు. మున్నా కూడా తొక్కుతాడు, తిట్లు తింటాడు, తిని వెనక్కొచ్చి ఆ ముసలాయన్ని వాటేసుకుని థాంక్స్ చెప్తాడు. కామెడీ సినిమాలో ఇంత చిన్న సీనుకి ఇంత బరువు ఎక్కడినుంచి వచ్చిందో నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే. అక్కడ మీరేమీ చెప్పకండి. జిమ్మీ షేర్గిల్ వేసిన జహీర్ చనిపోయే దగ్గరా అంతే, ఇంట్లో ఈ మధ్యే ఎవరికైనా క్యాన్సర్ అని తెలిసుంటే మాత్రం ఆ సీను ఉందని ముందే చెప్పండి, ఉన్నట్టుండి ఎదురుకానివ్వొద్దు.

పిల్లలు పక్కనుంటే ఒక మాట. మున్నా ఎంట్రన్స్ ఇంకొకరి చేత రాయిస్తాడు. నవ్వొస్తుంది గానీ అది తప్పు, రాత్రీ పగలూ చదివే పిల్లల సీటు పోయే పని, నవ్వడం అయ్యాక ఆ మాట చెప్పేయండి.

చివర్లో తండ్రీకొడుకులు వాటేసుకునే చోట లైటు వేయొద్దు, టీ కావాలా అని అడగొద్దు. మన వైపు నాయనలు కొడుకుల్ని వాటేసుకోరు, బస్సెక్కించేటప్పుడు కూడా సంచి చేతికిచ్చి జాగ్రత్త అంటారు, అంతే. పేర్లు పడేదాకా టీవీ అలాగే వదిలేయండి. మా నాయన కళ్ళద్దాలు తీసి పంచె కొంగుతో తుడుచుకున్నాడు, నిజంగా సొంత తండ్రేనా అని ఇంకోసారి అడిగాడు. అవునన్నాను. కాసేపాగి, ఆ నేల తుడిచే ముసలాయన సీను మళ్ళీ పెట్టమన్నాడు. పెట్టాను.