ఫ్రీ త్రో దగ్గర లొల్లి ఎందుకు మొదలవుతుంది, ఎట్లా ఆపాలి

నల్లగొండ, మహబూబ్‌నగర్ వైపు స్కూల్ బాస్కెట్‌బాల్ టోర్నీల్లో విజిల్ పట్టుకునే పీఈటీ సార్ల కోసం, వాళ్లకు సాయంగా దిగే సీనియర్ పిల్లల కోసం ఇది రాస్తున్నాను. మ్యాచ్ అంతా సాఫీగా నడుస్తుంది, ఫ్రీ త్రో (ఫౌల్ అయినప్పుడు ఎవరూ అడ్డురాకుండా వేసే షాట్) రాగానే రెండు జట్లూ రెఫరీ మీదికి వస్తాయి. కింద చెప్పినవి ఫిబా (అంతర్జాతీయ బాస్కెట్‌బాల్ సమాఖ్య) రూల్స్.

సమస్య: కీ (రింగ్ ముందు గీసే దీర్ఘచతురస్రం) పక్కన ఆరుగురు నిలబడ్డారు

కారణం: చాలాసార్లు ఫోన్లో చూసిన అమెరికా కాలేజీ మ్యాచ్‌లే. అక్కడ నలుగురు డిఫెండర్లు నిలబడొచ్చు. ఫిబాలో ముగ్గురే.

పరిష్కారం: బోర్డుకు దగ్గరగా ఉండే రెండు చోట్లూ డిఫెన్స్‌వి. వాటి తర్వాతి రెండూ షూటర్ జట్టువి. మూడో చోటులో ఏదో ఒక వైపు ఇంకో డిఫెండర్ నిలబడొచ్చు. షూటర్ కాకుండా మొత్తం ఐదుగురు. డిఫెన్స్ తన చోటు ఖాళీగా వదిలేసినా అవతలి జట్టు అందులోకి దూరకూడదు. మిగిలినవాళ్లంతా ఫ్రీ త్రో లైన్‌ను అటూ ఇటూ పొడిగిస్తే వచ్చే గీతకు వెనక, మూడు పాయింట్ల గీతకు బయట ఉండాలి.

సమస్య: ఎవరి చోటు ఏదో తెలియడం లేదు

కారణం: గీతలే. మట్టి కోర్టు మీద వేసిన సున్నం రెండో క్వార్టర్‌కల్లా బూట్ల కింద చెదిరిపోతుంది. సిమెంట్ కోర్టయితే ఇంకో చిక్కు: 2010కి ముందు కీ కింది వైపు వెడల్పుగా ఉండేది, ఎక్కడైనా ఆ పాత పెయింటే మిగిలి ఉంటే కొత్త గీతలతో కలిసి అయోమయం చేస్తుంది.

పరిష్కారం: మ్యాచ్‌కు ముందు టేపు పట్టండి. కీ వెడల్పు 4.9 మీటర్లు. ఎండ్ లైన్ (బోర్డు వెనక ఉండే గీత) లోపలి అంచు నుంచి 1.75 మీటర్లు వదిలి, కీ గీత వెంట 85 సెంటీమీటర్ల చోటు, 40 సెంటీమీటర్ల ఖాళీ పట్టీ, మళ్లీ 85, 85. ఆ పట్టీలో ఎవరూ నిలబడరు.

సమస్య: "సార్, వాడు ముందుగాల ఉరికిండు!"

అసలు గొడవ ఇదే. కీ పక్కన వరుసలో ఉన్నవాళ్లు బాల్ షూటర్ చేతిని వదిలేదాకా కదలకూడదు, వెనక ఉన్నవాళ్లు ఆ ఫ్రీ త్రో పూర్తయ్యేదాకా ఆగాలి. పిల్లలు ఈ రెండూ కలిపేస్తారు.

కారణం: సగం తప్పు రెఫరీదే అంటాను. వరుస కుదరకముందే బాల్ ఇచ్చేస్తాడు. బోర్డు కింద బాల్ పట్టుకుని ఒక్క క్షణం ఆగి, అటు వరుస, ఇటు వరుస చూసి, "ఉరకొద్దు" అని ఒక్క మాట చెప్పాకే పాస్ ఇస్తే సగం గొడవలు అక్కడే తగ్గుతాయి.

పరిష్కారం: ముందు షాట్ పడిందా లేదా చూడండి. పడితే పాయింట్ ఇచ్చేయండి, వరుసలో ఎవరు ఉరికినా పట్టించుకోనక్కర్లేదు. పడకపోతే ఎవరు ఉరికారన్నదే లెక్క. డిఫెండర్ అయితే షూటర్‌కు ఇంకో ఫ్రీ త్రో. షూటర్ జట్టువాడు అయితే, అది చివరి ఫ్రీ త్రో అయినప్పుడే, అవతలి జట్టుకు ఫ్రీ త్రో లైన్‌కు సరిగ్గా పక్కనుంచి త్రో ఇన్ (కోర్టు బయట నిలబడి బాల్ లోపలికి వేయడం). ఇద్దరూ ఒకేసారి ఉరికితే టేబుల్ మీది బాణం (ఈసారి బాల్ ఏ జట్టుదో చూపే గుర్తు) వైపు చూడాల్సిందే. "పడ్డది కదా, పాయింట్ ఇచ్చిన, ఇంకేంది?" అని కెప్టెన్‌కు నవ్వుతూ చెప్తే చాలు, కోపంగా చెప్తే కోచ్ లేస్తాడు.

సమస్య: బాల్ పడింది, అయినా పాయింట్ ఇవ్వలేదు

కారణం: షూటర్ వయొలేషన్, అంటే షూటరే రూల్ తప్పడం. ఇది మాత్రం షాట్ పడ్డా మాఫీ కాదు. బాల్ చేతికొచ్చిన 5 సెకన్లలో వెయ్యాలి, వేస్తున్నట్టు నటించి ఆగకూడదు, బాల్ రింగ్‌కు తగలకముందే గీత తొక్కకూడదు. కళ్లు బాల్ మీద పెడితే బొటనవేలు గీత మీదికి జారడం కనిపించదు. అందుకే ఒక రెఫరీ బాల్ చూస్తే రెండోవాడు కాళ్లు చూడాలి.

సమస్య: టెక్నికల్ ఫౌల్‌కు (ప్రవర్తన బాగోలేనప్పుడు ఇచ్చే ఫౌల్) కూడా వరుస కట్టారు

కారణం: అలవాటు.

పరిష్కారం: అందరినీ వెనక్కి పంపండి. ఈ ఫ్రీ త్రో తర్వాత ఆట త్రో ఇన్‌తో మొదలవుతుంది. షాట్ పడకపోయినా రీబౌండ్ (తిరిగొచ్చిన బాల్ కోసం పోటీ) ఉండదు కాబట్టి, కీ పక్కన నిలబడాల్సిన పనే లేదు. అన్‌స్పోర్ట్స్‌మన్‌లైక్ ఫౌల్‌కు (ఆట స్ఫూర్తికి విరుద్ధంగా చేసే మొరటు ఫౌల్) ఇచ్చే ఫ్రీ త్రోలకూ ఇంతే.